జిప్సీకి గేరాయిలు మార్చుట: ముందు ఏ బోల్టు విప్పవలెను?



పోయిన సంచికలో పదో తరగతి అన్నయ్యలు సైకిలుకు పంచరు వేయుట గురించి రాశారు. అందరూ బాగుందన్నారు. ఈసారి పెద్ద బండి గురించి ఏదైనా రాయమని నన్ను అడిగారు. దసరా సెలవుల్లో నేను మా మావయ్య జిప్సీ కింద మూడు రోజులు పడుకున్న సంగతి మా గదిలో అందరికీ తెలుసు. అందులో తప్పు నాదేనని మాత్రం అందరికీ తెలియదు. అది కూడా రాస్తున్నాను. రాయకపోతే ఈ పాఠంలో ముఖ్యమైన ముక్కే పోతుంది.

వ్యాసము పొడుగైంది, రెండు చార్టులు పట్టింది. ఒకటి నోటీసు బోర్డు పక్కన, రెండోది మెస్సు తలుపు పక్కన అంటించాము. బొమ్మలో వెనుక డిఫరెన్షియల్ ఆకుపచ్చగా ఉండుటకు కారణం ఎర్ర స్కెచ్ పెన్ను అయిపోవడమే. నిజానికి అది నల్లగా, బురద పట్టి ఉంటుంది.

బండి సంగతి

జిప్సీ మారుతి వారి చిన్న బండి. జపాను సుజుకీ నమూనా మీద 1985లో మన దేశంలో వచ్చింది. మొదట 970 సీసీ ఇంజను ఉండేది. 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆగిపోయింది. కావున మన ఏజెన్సీలో ఇప్పుడు తిరిగేవన్నీ పాత బళ్ళే. మా మావయ్యది కూడా చేతులు మారి వచ్చిన కింగే. పైన రేకు ఒకచోట తుప్పు పట్టింది గానీ నాలుగు చక్రాలూ లాగుతాయి. మా ఊరికి అదే కావాలి. తారు రోడ్డు దిగిన తర్వాత మా ఊరు 6 కిలోమీటర్లు. అందులో సగం ఎర్రమట్టి, సగం రాళ్ళు. మధ్యలో వంతెన లేని గెడ్డ ఒకటి.

ఇంజను ఆయిలు గురించి అందరికీ తెలుసు. మోటారు సైకిలు ఉన్న ప్రతివాడూ మారుస్తాడు. కానీ జిప్సీకి ఇంజను కాక ఇంకా నాలుగు చోట్ల ఆయిలు ఉంటుంది. గేరుబాక్సులో సుమారు 1.3 లీటర్లు. దాని వెనుక, బండి నడుము కింద, ట్రాన్స్‌ఫర్ కేసు అనే వేరే పెట్టె ఉంటుంది, అందులో 0.8 లీటరు. ముందు డిఫరెన్షియల్‌లో 2 లీటర్లు, వెనుక దానిలో 1.5 లీటర్లు. అన్నీ కూడితే 5.6 లీటర్లు. కాబట్టి 6 లీటర్లు కొంటే సరిపోవును. ఇవి ఎవరూ చూడరు. డిప్ స్టిక్కు లేదు, డాష్‌బోర్డు మీద దీపం లేదు. ఆయిలు పూర్తిగా పోయినా బండి ఏమీ చెప్పదు. చెప్పేసరికి గేరు పళ్ళు పోయి ఉంటాయి.

డిఫరెన్షియల్ ఎందుకు?

ఆగస్టు 15కి మనం మార్చ్‌పాస్ట్ చేసేటప్పుడు ముగ్గురు ముగ్గురుగా నడుస్తాం కదా. జెండా దగ్గర ఎడమకు తిరిగేటప్పుడు పి.ఇ.టి. సారు ఏమని అరుస్తారు? లోపలి వాడు ఉన్నచోటే కాళ్ళు ఆడించాలి, బయటి వాడు పెద్ద అడుగులు వేయాలి. ఇద్దరూ ఒకే అడుగు వేస్తే వరస విరిగిపోతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు కూడా అంతే. లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. రెండింటినీ ఒకే ఇనుప కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోతుంది. పాడేరు ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులున్నాయో ఎక్కినవాళ్ళకు తెలుసు. అక్కడ ఆ బండి టైర్లు ఎంతకాలం ఆగుతాయి?

దాని కొరకు ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఉబ్బుగా కనబడే పెట్టెలో గేర్లు పెట్టారు. మెకానిక్కులు ఆ పెట్టెను హౌసింగ్ అంటారు. లోపల పెద్ద పళ్ళ చక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను. పినియను దాదాపు నాలుగు చుట్లు తిరిగితే క్రౌను ఒక చుట్టు తిరుగుతుంది. క్రౌనుతో పాటు తిరిగే ఇంకో చిన్న గేర్ల గుంపు ఉంది. అది రెండు చక్రాలకూ బలం పంచుతూనే, ఒకటి నెమ్మదిస్తే రెండోదాన్ని అంత వేగంగా తిరగనిస్తుంది. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పెక్యోర్ అనే ఆయన ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటు చేశారు. ఆయన మొదట గడియారాలు బాగుచేసే పని నేర్చినవాడట.

ఇక్కడ ఒక మాట. జిప్సీలో ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి డిఫరెన్షియల్ ఉన్నాయి గానీ, ముందుకూ వెనుకకూ మధ్య లేదు. ట్రాన్స్‌ఫర్ కేసులో నాలుగు చక్రాల గేరు వేస్తే ముందు ఇరుసు, వెనుక ఇరుసు గట్టిగా కలిసిపోతాయి. బురదలో పరవాలేదు, చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ పట్టు అంతా గేర్ల మీదా జాయింట్ల మీదా పడుతుంది. అందుకే మావయ్య తారు ఎక్కగానే లివరుతో రెండు చక్రాలకు మారుస్తాడు. సంతకు వచ్చే కొందరు డ్రైవర్లు గొప్పకు నాలుగు చక్రాల మీదే తారు రోడ్డున తోలుతారు. అది గొప్ప కాదు, గేర్లు అరగదీసుకోవడం.

ఆయిలు రకములు

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టుట మన తాతలు ఎరుగుదురు. ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపి పెట్టేవారు. ఇది కూడా కందెనే. కానీ క్రౌను, పినియను పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాదు, పక్కకు రుద్దుకుంటూ జారుతాయి. పినియను క్రౌనుకు నడిమధ్యకు ఎదురుగా కాక కొంచెం కిందకు ఉండుట దానికి కారణం. ఆ రాపిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. అందుకని గేరాయిలులో గంధకము, భాస్వరము ఉన్న మందులు కలుపుతారు. బాగా వేడెక్కిన చోట అవి ఇనుముతో కలిసి పల్చని పొర కడతాయి. ఆ పొర అరుగుతుంది, పన్ను మిగులుతుంది. గేరాయిలు కుళ్ళిన గుడ్డు వాసన వేయుటకు కారణం ఈ గంధకమే. ఆ చొక్కాతో నేను హాస్టలుకు వచ్చినప్పుడు మా గదిలో రెండు రోజులు నన్ను కిటికీ పక్కన పడుకోబెట్టారు.

డబ్బా మీద రెండు విషయాలు చూడవలెను. ఒకటి చిక్కదనం. 80డబ్ల్యు-90 అని ఉంటుంది. డబ్ల్యు అంటే చలికాలం. డిసెంబరులో మన ట్రంకు పెట్టెలో కొబ్బరి నూనె గడ్డకట్టి స్పూనుతో తీసుకుంటాం కదా, గేరాయిలు కూడా చలికి చిక్కబడుతుంది. చలిలో ఎంతవరకు పారుతుందో మొదటి అంకె చెబుతుంది. వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో రెండో అంకె చెబుతుంది. రెండో విషయం జి.ఎల్.-4, జి.ఎల్.-5 అనే గుర్తు. 5లో మందు ఎక్కువ, డిఫరెన్షియల్‌కు అదే కావాలి. గేరుబాక్సులో ఇత్తడి రింగులు ఉంటాయి, గేరు మారేటప్పుడు రెండు వేగాలను కలిపేవి. ఆ మందు కొన్ని రకాల్లో ఇత్తడిని తినేస్తుంది. అందుచేత మావయ్య గేరుబాక్సుకు 4, డిఫరెన్షియల్స్‌కు 5 పోస్తాడు. ఎవరి బండికైనా దాని పుస్తకంలో రాసినదే పోయాలి. షాపువాడు రెండూ ఒకటే అంటాడు, నమ్మరాదు.

నీళ్ళు ఎట్లా దూరినవి?

ఆగస్టులో ఒక రాత్రి మా పై ఊరి నుంచి పురిటి నొప్పులతో ఉన్న ఒక అక్కను మావయ్య బండిలో దించాడు. గెడ్డ పొంగి ఉంది. నీళ్ళు చక్రాల సగం దాటాయి. దాటేశాడు. బిడ్డ, తల్లి క్షేమం. బండి కూడా క్షేమమే అనుకున్నాం.

డిఫరెన్షియల్ పెట్టె పూర్తిగా మూసిన డబ్బా కాదు. పైన బ్రీదరు అనే చిన్న ఊపిరి కన్నం ఉంటుంది. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటకు పోతుంది. వేడి మీదున్న ఇరుసు ఒక్కసారి చల్లని గెడ్డలో మునిగితే లోపలి గాలి చల్లబడి బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. ఆ సమయంలో బయట ఉన్నది నీళ్ళు. బ్రీదరు బురదతో మూసుకుపోయి ఉంటే ఇంకా చెడ్డ. అప్పుడు ఇరుసు చివర్లలో ఉన్న రబ్బరు సీళ్ళ అంచుల గుండా పీల్చుకుంటుంది.

ఫిజిక్సు సారును అడిగి లెక్క వేశాము. లోపలి గాలి 70 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకు చల్లబడి, బయటి గాలి ఏమీ రాకపోతే, పీడనం 13 శాతం పడిపోతుంది. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటి స్తంభానికి సమానం కదా, అందులో 13 శాతం అంటే 1.3 మీటర్లు. అనగా నా ఛాతీ ఎత్తు నీటిని పైకి లాగే శక్తి! నమ్మకం లేనివారు మెస్సులో చేసి చూడవచ్చు. వంట అక్కను అడిగి ఖాళీ గాజు సీసాలో గోరువెచ్చని నీళ్ళు, ఆ తర్వాత కొంచెం వేడి నీళ్ళు పోసి పారబోసి, వెంటనే నీళ్ళున్న పళ్ళెంలో బోర్లించండి. చల్లబడేకొద్దీ నీరు సీసాలోకి ఎక్కుతుంది. గెడ్డలో మా బండికి జరిగింది ఇదే.

రెండు నెలలు ఎవరూ చూడలేదు. నేను సెలవులకు ఇంటికి పోయేసరికి బండి వెనుక నుంచి కుయ్యిమని సన్నగా ఏడుపు వస్తోంది. యాక్సిలరేటరు తొక్కితే ఎక్కువ, వదిలితే తక్కువ. మావయ్య సంతకు పోయి 6 లీటర్ల ఆయిలు తెచ్చాడు.

నేను చేసిన పని

మర్నాడు పొద్దున్న మావయ్య బండిని ఒక రౌండు తిప్పి వచ్చి చదునైన చోట పెట్టాడు. ఆయిలు వేడిగా ఉంటే పల్చగా పారి మురికితో సహా దిగిపోతుంది, అందుకు తిప్పడం. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జిప్సీ ఎత్తు బండి కాబట్టి జాకీ అక్కరలేదు, గోనె పరుచుకొని దూరిపోవచ్చు. జాకీ మీద ఉన్న బండి కిందకు ఎవరూ, ఎప్పుడూ దూరరాదు. ఇది వార్డెను గారు ప్రత్యేకంగా రాయమన్నారు, రాశాను.

"చోడి అంబలి తాగొస్తాను, నువ్వు పానాలు సర్దరా అల్లుడా" అని మావయ్య ఇంట్లోకి పోయాడు.

వెనుక హౌసింగ్‌కు రెండు బోల్టులు ఉంటాయి. అడుగున ఉన్నది డ్రైన్ బోల్టు, ఆయిలు దిగడానికి. కొంచెం పైన పక్కవాటుకు ఉన్నది ఫిల్లర్ బోల్టు, ఆయిలు పోయడానికి. నేను అనుకున్నాను: పాతది దించాకనే కదా కొత్తది పోసేది, మావయ్య వచ్చేలోపు దించేస్తే మెచ్చుకుంటాడు. పానా సరిగ్గా కూర్చోబెట్టి లాగాను. డ్రైన్ బోల్టు వదిలింది. ముందు ఒక గుక్కెడు నీళ్ళు, తర్వాత చిక్కటి పాల టీ రంగులో ఆయిలు బేసినులోకి దిగింది. నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరి ముందు దిగుతాయి. గేర్లు చిలికినవి మాత్రం ఆయిలుతో కలిసి మజ్జిగలా అయిపోతాయి. కొత్త ఆయిలు తేనె రంగులో ఉంటుంది. పాతదైతే నల్లబడుతుంది, అది తప్పు కాదు. పాల టీ రంగు కనబడితే నీళ్ళు పడ్డాయని అర్థం.

మావయ్య వచ్చి బేసిను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "పై బోల్టు ఇప్పినావా?" అన్నాడు. లేదన్నాను. ఏమీ అనకుండా పానా తీసుకొని పై బోల్టుకు పెట్టాడు. పానా జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. గోనె మీద పడుకొని టార్చి వేసి చూస్తే, బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రంగా ఉన్నాయి. ముందటి ఏడాది కింద మైదానంలో ఒక షెడ్డులో సర్వీసు చేయించినప్పుడు ఎవరో సైజు సరిపోని పానాతో బలవంతంగా బిగించి ఉంటారు. దానిపై సంవత్సరం తుప్పు.

ఇప్పుడు బండి పరిస్థితి ఆలోచించండి. పాత ఆయిలు దిగిపోయింది. కొత్త ఆయిలు పోయడానికి నోరు తెరుచుకోలేదు. పాతదే తిరిగి పోద్దామన్నా అదే నోరు. ఆయిలు లేకుండా 6 కిలోమీటర్లు తోలితే క్రౌను, పినియను పళ్ళు ఎర్రగా కాలి పోతాయి. అనగా బండి కదలదు. నేను కింది బోల్టు ముట్టుకోకుండా ఉండి ఉంటే, పై బోల్టు రాదని ముందే తెలిసి, చెడిన ఆయిలుతోనే అయినా నెమ్మదిగా మండలం దాకా తోలుకుపోయి అక్కడ విప్పించుకునేవాళ్ళం.

ఆ రోజంతా కిరసనాయిలు పోసి నానబెట్టాం. సుత్తితో తట్టాం. రాలేదు. రెండో రోజు పొద్దున్న మా వీధి చివర తాతకు చలి జ్వరం ఎక్కువై మాట తడబడింది. ఎప్పుడూ అయితే మావయ్య జిప్సీ పది నిమిషాల్లో వాళ్ళ గుమ్మం ముందు ఉండేది. ఆ రోజు తాతను డోలీ కట్టి మోశారు. గెడ్డ దాటి తారు రోడ్డు దాకా 6 కిలోమీటర్లు, అక్కడికి 108 వచ్చింది. నలుగురు మార్చుకుంటూ మోశారు. గెడ్డ తర్వాత ఎక్కుడులో కొంతదూరం నేను కూడా భుజం పట్టాను. వెదురు నా భుజం మీద ఒరుసుకుపోయింది. దారిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. తాతకు మలేరియా అని తేలింది, వారంలో ఇంటికి వచ్చాడు.

మావయ్య ఆ మధ్యాహ్నమే ఒకరి మోటారు సైకిలు మీద మండలం పోయి, ఒక ముసలి మెకానిక్కును అడిగి వచ్చాడు. ఆయన చెప్పిన ఉపాయం ఇది. బోల్టు చుట్టూ తుప్పు ఇనుప బ్రష్షుతో గీకాలి. తల మీద నేరుగా సుత్తితో గట్టి దెబ్బలు నాలుగైదు వేయాలి. అప్పుడు మరల మధ్య తుప్పు పొర పగులుతుంది. తర్వాత తల అంచున ఉలి ఏటవాలుగా పెట్టి, విప్పే వైపుకు కొట్టాలి. ఆయన ఒక కొత్త బోల్టు కూడా ఇచ్చాడు. మూడో రోజు పదకొండు గంటలకు అది కిర్రుమని కదిలింది. ఆ చప్పుడు విని మా అత్త కూడా బయటకు వచ్చింది.

కాబట్టి వరస ఇది

ముందు పై బోల్టు, అంటే పోసే బోల్టు. అది కదిలి చేతికి వచ్చాకనే కింది బోల్టు ముట్టుకోవాలి. గేరుబాక్సుకైనా, ట్రాన్స్‌ఫర్ కేసుకైనా, రెండు డిఫరెన్షియల్స్‌కైనా ఇదే. ఇంకో లాభం కూడా ఉంది. పైన గాలి దూరితే కింద ఆయిలు ధారగా దిగుతుంది. విప్పే ముందు బోల్టు చుట్టూ మట్టి గుడ్డతో తుడవాలి, లేకపోతే ఇసుక లోపలికి పోతుంది. పానా బోల్టుకు పూర్తిగా కూర్చోవాలి. వదులుగా ఉంటే లాగరాదు.

ఆయిలు బొట్లుగా మారేదాకా, అరగంటైనా దిగనివ్వాలి. ఈలోగా డ్రైన్ బోల్టును చూడండి. మా బండి బోల్టుకు లోపలి వైపు అయస్కాంతం ఉంది. దానికి నల్లటి మెత్తని ముద్ద అంటుకొని ఉంటుంది. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా ఉంటే భయం లేదు, అది రోజువారీ అరుగుదల. గోరుకు తగిలే పలుకులుంటే లోపల పన్ను విరిగినట్లు. మాకు కాటుకే వచ్చింది. మావయ్య అప్పుడు మొదటిసారి నవ్వాడు.

బోల్టు తుడిచి తిరిగి బిగించాలి. వాషరు ఉన్నదానికి కొత్త వాషరు, లేనిదానికి మరలకు కొంచెం సీలెంటు. రెండు చేతులా వేలాడి బిగించవద్దు, మన తర్వాత విప్పేవాడు కూడా మనిషే.

పోసే కన్నం పక్కన ఉంటుంది కాబట్టి గరాటు పనికిరాదు. పంపు ఉన్నవారికి సుఖం. మేము కూల్‌డ్రింకు సీసా మూతకు కన్నం చేసి, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే ప్లాస్టిక్ గొట్టం రెండు మూరలు దూర్చి, సీసా పిండుతూ పోశాము. కొలత కంటే మట్టమే ముఖ్యం. కన్నం కింది అంచును తాకి సన్నగా బయటకు కారినప్పుడు నిండినట్లు. కారడం ఆగాక బోల్టు పెట్టాలి. బండి ఏటవాలుగా ఉంటే ఈ లెక్క తప్పిపోతుంది, చదును నేల అందుకే. ఇంకొంచెం ఉంటే మంచిదే అని బండి ఒరగబెట్టి ఎక్కువ పోస్తే, అది వేడెక్కి సీళ్ళ గుండా బ్రేకుల మీదకు రాగలదు. ఘాట్‌లో బ్రేకు షూలకు నూనె అంటితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నీళ్ళు పడిన డిఫరెన్షియల్‌కు ఒకసారి మార్చితే చాలదు. గేర్ల సందుల్లో పాల టీ కొంత మిగిలే ఉంటుంది. మేము 50 కిలోమీటర్లు తిప్పి మళ్ళీ దించాము. ఈసారి లేత గోధుమ రంగు వచ్చింది. రెండోసారి పోశాక స్వచ్ఛంగా నిలిచింది. అందుకు ఇంకో 1.5 లీటర్లు ఖర్చయింది. అదే గెడ్డలో మునిగినవి కాబట్టి మిగతా మూడు పెట్టెలు కూడా విప్పి చూశాం. ముందు డిఫరెన్షియల్‌లో కొద్దిగా మబ్బు రంగు, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు శుభ్రం. ఎట్లాగూ విప్పాం కాబట్టి అన్నిటికీ కొత్తదే పోశాం. బ్రీదరు తీసి చూస్తే ఎండిన బురద. గుండుసూదితో, కిరసనాయిలుతో కడిగి పెట్టాం. వెనుక నుంచి వచ్చే ఏడుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. బేరింగు కొంచెం అరిగి ఉంటుందని మెకానిక్కు మాట.

పాత ఆయిలు గెడ్డ ఒడ్డున పారబోయవద్దు. ఆ నీళ్ళే కింది ఊరి వాళ్ళు బిందెల్లో పట్టుకుంటారు. మావయ్య డబ్బాలో పట్టి మూత పెట్టి, సంత రోజున మండలంలో పాతాయిలు కొనేవాడికి ఇచ్చాడు.

మావయ్య ఇప్పుడు ప్రతి ఏడాది వానలు వెనకబట్టాక నాలుగు పెట్టెలూ చూస్తానంటున్నాడు. గెడ్డలో ఇరుసు మునిగితే మాత్రం ఏడాది దాకా ఆగకుండా, బండి ఒక రాత్రి నిలిపి నీళ్ళు అడుక్కు చేరాక, పొద్దున్నే పై బోల్టు వదులుగా ఉందో లేదో చూసుకొని, కింది బోల్టు కొంచెం సడలించి నాలుగు బొట్లు చూసుకోవాలి. నీళ్ళుంటే ముందు అవే వస్తాయి.

సెలవుల ఆఖరి రోజున నేను నాలుగు పై బోల్టుల పక్కన తెల్ల రంగుతో 1 అని, కింది వాటి పక్కన 2 అని రాశాను. బురదకు మాసిపోతుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మళ్ళీ రాయాలి.

— 9వ తరగతి, బి సెక్షను, రెండవ డార్మెటరీ